చెడిపోయిన తొట్టి తుడిచిన గుడ్డ

ఫిబ్రవరి 3

పిడుగూ,

ఈ ఉత్తరం కంటే ముందు పార్సిలే విప్పి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా! అందులో సీసాలో ఉన్న పెరుగు తినడానికి కాదు. తింటే బాగానే ఉంటుందనుకో, కానీ పంపింది నీ ల్యాబ్ కోసం. మా అమ్మాయి పెరుగులో ఉండే సూక్ష్మజీవులకి డాక్టరు అని మీ అమ్మ కనపడ్డవాళ్ళందరికీ చెబుతుంటుందిగా. ఇన్నాళ్ళకి నీకో రోగిని పంపిస్తున్నాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. నా కుడి చెవి ఎంత గొప్పదో నీకు తెలుసు. ఫోనులో నువ్వు చెప్పేది సగం వినపడదు, వినపడిన సగం సాయంత్రానికి మర్చిపోతాను. కాగితమైతే మన తొట్లు తోడుపెట్టే వెచ్చగది గోడకి అతికించుకుని రోజూ చదువుకుంటాను.

జరిగిందేమిటంటే, నిన్న రెండో తొట్టి తోడుకోలేదు. పాలు కాచి, చల్లార్చి, వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగే వేడికి రాగానే మీ అమ్మమ్మ నేర్పినట్టే అంతకుముందు రోజు పెరుగు మీద తేరిన తేట రెండు గరిటెలు పోసి, తోడు వేసి, మూతపెట్టాను. ఐదు గంటల తర్వాత మూత తీస్తే కత్తితో కోసుకునేలా ఉండాలా? పాలు పాలలాగే ఊగుతున్నాయి. అడుగున మాత్రం గరిటెడు జావలాంటిది చేరింది. అటు మొదటి తొట్టీ ఇటు మూడో తొట్టీ రాయిలా ఉన్నాయి. అవే పాలు, అదే తోడు, అదే చెయ్యి.

నలభై ఏళ్ళలో మా అమ్మ తొట్టి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆవిడ హస్తవాసి అలాంటిది. ఆవిడ పోయాక ఈ పదకొండేళ్ళూ నా చేతిలోనూ తప్పలేదు. నిన్న ఆ మూత తీసినప్పుడు తల కొట్టేసినట్టయింది.

మనం రోజూ ఆసుపత్రి క్యాంటీనుకి మూడొందల గిన్నెల పెరుగు వేస్తాం కదా. నిన్న వంద తగ్గాయి. మేనేజరు "ఒక్కసారికి ఏముందిలెండి, మళ్ళీ కాకుండా చూసుకోండి" అన్నాడు ఎంతో మర్యాదగా. తిట్టినా బాగుండేది.

ఆ తోడుకోని పాలు పారబోయడానికి మనసొప్పక నిన్నట్నుంచి ఇంట్లో అదే తాగుతున్నాం. మీ అత్తయ్య మూతి చూడాలి! నాకైతే హాయిగానే ఉంది. చిన్నప్పుడు మా అమ్మ అప్పుడప్పుడు వారం పాటు పలచటి పుల్లటి మజ్జిగ పోసేది, ఒంటికి చలవ అని. ఆ చలవ వారాలంటే నాకూ మీ అమ్మకీ ప్రాణం. గ్లాసు తర్వాత గ్లాసు, ఎంత తాగినా వద్దనేది కాదు.

సరే, రోగిని జాగ్రత్తగా చూడు. ఫీజు అడిగావంటే చెవి మెలేస్తాను.

మామయ్య


ఫిబ్రవరి 9

మామయ్యా,

రోగి క్షేమంగా చేరాడు. ముందు ఒక సంగతి చెప్పు. సీసా చుట్టూ చుట్టిన ఆ గుడ్డ ఏమిటి? మా రిసెప్షన్ అమ్మాయి ముక్కు మూసుకుని, రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. పార్సిల్లో వచ్చింది ఏదైనా సరే, రిపోర్టు పూర్తయ్యేదాకా పారేయకూడదని మా ల్యాబ్ రూలు. అందుకని నీ కంపు గుడ్డ కూడా ఒక సంచిలో పెట్టి, పైన నీ పేరు రాసి, ఫ్రిజ్‌లో కింది అరలో కూర్చోబెట్టాను.

ఇక వైద్యం. పెరుగు చేసే బ్యాక్టీరియాకి కూడా జబ్బులొస్తాయి మామయ్యా. వాటికి పట్టే వైరస్‌లు వేరే ఉన్నాయి. మనుషుల్ని ఏమీ చెయ్యవు, కాబట్టి అత్తయ్యకి భయం లేదు. కానీ తోడులోకి చేరాయంటే ఒక్కటి అరగంటలో వందవుతుంది, ఆ వందా మళ్ళీ అంతంత అవుతాయి. నువ్వు మూతపెట్టి కాఫీ తాగి వచ్చేలోగా తోడంతా ఖాళీ. రెండు తొట్లు బాగుండి ఒకటి పోయిందంటే నాకు మొదట దాని మీదే అనుమానం వచ్చింది.

అందుకని గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాని పల్చటి పొరలా పెంచి, దాని మీద నీ సీసాలో తేట చుక్క వేశాను. వైరస్ ఉంటే పొర మీద సూదితో పొడిచినట్టు చిల్లులు పడతాయి. మూడు పళ్ళేలు పెట్టాను. ఒక్క చిల్లు లేదు. నీ తోడు గుండ్రాయిలా ఉంది.

అంటే పాల వైపు చూడాలి, ఒక్కో తొట్టికి ఒక్కో క్యాను పాలు పోస్తావుగా. ఆవుకి మందు సూది వేయించినప్పుడు రెండు మూడు రోజులు ఆ పాలు పక్కన పెట్టాలి. అలా పెట్టకుండా పోసేస్తే ఆ మందు నీ తోడుని చంపుతుంది. పాలాయన్ని ఒకసారి కనుక్కో. మెల్లిగా కనుక్కో మామయ్యా, నీ గొంతు మూడు వీధులకి వినిపిస్తుంది.

సీసాలో మిగిలింది మా మేడం, నేను తినేశాం. మేడం వేళ్ళు నాకింది, నేను చూశాను.

నీ తోడుకి డాక్టరు


ఫిబ్రవరి 14

పిడుగూ,

మెల్లిగానే కనుక్కున్నాను. మొదలుపెట్టడం మెల్లిగానే.

మనకి పాలు పోసే గడియారం నీకు గుర్తే కదా. ఇరవై రెండేళ్ళుగా సరిగ్గా ఐదున్నరకి గేటు కొడతాడని అందరం గడియారం అనే పిలుస్తాం. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. క్యాన్లు దించుతుంటే అడిగాను.

"ఆవుకి సూదేమైనా వేయించావా?"

"వేయిస్తే నీకు చెప్పనా?"

"మా మేనకోడలు ల్యాబ్‌లో చూసిందిలే. నా తోడులో ఏం లేదంట."

"అంటే నా పాలలో ఉందనా?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. "మరి ఇంకెక్కడుంది?" అన్నాను. అది కూడా నా మామూలు గొంతుతో. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు.

అతను క్యాన్ల మూతలు తీసుకుని, నా కళ్ళలోకి చూడకుండా, "రేపట్నుంచి వేరేవాళ్ళని చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళలో నన్ను 'నువ్వు' తప్ప ఇంకో మాట అని ఎరగడు. ఆ 'చూసుకోండి' నాకు అన్నం సహించనివ్వలేదు.

వేరేచోటి నుంచి పాలు తెప్పించాను. మొదటి రోజు బాగానే తోడుకున్నాయి, చూశావా అని మీ అత్తయ్య దగ్గర మీసం తిప్పాను. మర్నాడు రెండు తొట్లు పోయాయి. నిన్న మళ్ళీ ఒకటి.

పాలు మార్చినా పోయిందంటే ఇంక మిగిలింది ఏమిటి? నా చెయ్యే. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. మీ అమ్మమ్మ చేతిలో నలభై ఏళ్ళు బతికింది నా చేతిలో చస్తోంది. మీ ల్యాబ్‌లో హస్తవాసికి పరీక్ష ఏమైనా ఉందా?

మామయ్య


ఫిబ్రవరి 18

మామయ్యా,

కనుక్కో అన్నాను, కొట్లాట పెట్టుకో అన్నానా? నీ ఉత్తరం చదివినప్పట్నుంచి గడియారం మామ మొహమే కళ్ళ ముందు ఆడుతోంది. చిన్నప్పుడు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు తిప్పాడు నన్ను. తప్పు నాది కూడా. అనుమానమని గట్టిగా రాయాల్సింది.

వేరే పాలతో కూడా పోయిందంటే అది పాలు కాదు, నీ చెయ్యి అంతకన్నా కాదు. వైరస్ తీరే అది, ఒకరోజు ఉండి ఒకరోజు లేనట్టు ఆడిస్తుంది. కానీ నా పళ్ళేల మీద చిల్లుల్లేవు. నాకు పిచ్చెక్కుతోంది. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, దాటెయ్యకుండా జవాబు రాయి.

నువ్వు పంపిన సీసా ఏ తొట్టిలోది? తేట డ్రమ్ము ఎక్కడ పెడతావు, తోడు గిన్నెకి ఎంత దూరం? నేను చెప్పేదాకా ఆ నిన్నటి తేట రెండు గరిటెలు పొయ్యడం ఆపెయ్యి. తేటలో వైరస్ ఉంటే దాన్ని రోజూ నువ్వే చేతులారా మోసుకొచ్చి కొత్త పాలలో వేస్తున్నట్టు.

పోల్చి చూడ్డానికి అమ్మ దగ్గర్నుంచి కూడా కొంచెం తోడు తెప్పించాను.

దిగులుపడకు. అత్తయ్యకి నా ముద్దులు.

పిడుగు


ఫిబ్రవరి 22

పిడుగూ,

ఏ తొట్టిలోదని అడిగావు. మొదటి తొట్టిలోది. బాగా తోడుకున్నది.

మరి? చెడిపోయింది సీసాలో పోసి మేనకోడలికి పార్సిల్ చేస్తారా ఎవరైనా? మీ ఆఫీసులో నలుగురూ మూత తీసి చూస్తారు. మీ మామయ్య చేసే పెరుగు ఇదా అంటారు. నీకు మాత్రం నామోషీ కాదూ? అందుకని మంచిదాంట్లోంచి, అదీ మీగడ ఉన్న వైపు నుంచి తీసి పంపాను. రోగం ఉంటే అన్ని తొట్లలోనూ ఉంటుంది కదా అనుకున్నాను. మీ మేడం వేళ్ళు నాకిందని రాసినప్పుడు ఎంత పొంగిపోయానో!

చెడింది మేం తాగడానికి గిన్నెలోకి తీసుకుని, అడుగున మిగిలింది పారబోసి, తొట్టి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సలసల కాగే నీళ్ళతో మూడుసార్లు తోమేశాను. ఆ తుడిచిన గుడ్డే చేతికి దొరికితే సీసాకి చుట్టాను. ఉతకాలని తోచలేదు. కంపుకి క్షమించు.

తేట డ్రమ్ము వెచ్చగదిలోనే, తోడు గిన్నె పెట్టే అర కిందే ఉంటుంది. మీ అమ్మమ్మ పెట్టిన చోటే. ఆ రెండు గరిటెలూ మీ అమ్మమ్మ పెట్టిన అలవాటే. నేను చేతులారా రోగం మోసుకొచ్చానని రాశావు. నిజమే కాబోలు. అదివరకు ఈ గోడ మీద నీ ఉత్తరాలు చదువుకుంటే ధైర్యంగా ఉండేది. ఆ ఉత్తరం మాత్రం అతికించలేదు.

మీ అమ్మ తోడు ఎందుకు తెప్పించావో నాకు అర్థం కాదనుకున్నావా? పెళ్ళై వెళ్ళేటప్పుడు మా అక్కకి అమ్మ మూతగిన్నెలో తోడు పెట్టి ఇచ్చింది. ముప్పై ఆరేళ్ళుగా ఎక్కడ కలిసినా ఒకటే పాట, అమ్మ అసలు తోడు నా దగ్గరుంది, నీ దగ్గరున్నది తొట్టి తోడు అని. ఇప్పుడు అది తెచ్చి నా తొట్టిలో పోస్తావు. అక్క ఇంకో ముప్పై ఆరేళ్ళు చెప్పుకుంటుంది. వద్దమ్మా.

మేనేజరు మంచివాడే. కంపెనీ పొడి తోడు వాడితే ఆర్డరు ఆపనన్నాడు. ప్యాకెట్లు తెప్పించాను. తెల్ల పొడి, వాసన లేదు, రుచి లేదు, గొడవా లేదు. ఇవాళ మూడు తొట్లూ దాంతోనే తోడుకున్నాయి. బాగానే ఉంది. బాగానే ఉందని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మ తోడు గిన్నె ఆదివారం పారబోసేస్తాను. రోజూ దాన్ని చూస్తూ తిరగడం నావల్ల కాదు.

మామయ్య


ఫిబ్రవరి 24, స్పెషల్ కొరియరు

మామయ్యా,

పారబొయ్యకు.

పారబొయ్యకు, పారబొయ్యకు, పారబొయ్యకు. అత్తయ్యా, ఈ ఉత్తరం నువ్వు తీసుకుంటే ఆ గిన్నె దాచెయ్యి.

అమ్మ తోడు నీ తొట్టిలో వెయ్యడానికి కాదు మహానుభావా, పోల్చడానికని రాశాను కదా. పోల్చడానికి!

జబ్బు చేసినవాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, పక్కింటి ఆరోగ్యవంతుణ్ణి ముస్తాబు చేసి డాక్టరు దగ్గరికి పంపించింది ప్రపంచంలో నువ్వొక్కడివే. నీ ఉత్తరం చదివి మా మేడం కుర్చీలోంచి పడిపోయేలా నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో గుర్తొచ్చింది. గుడ్డ! చెడిపోయిన తొట్టి తుడిచిన గుడ్డ నా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది!

పరుగెత్తాలి.

పిడుగు


ఫిబ్రవరి 28

పిడుగూ,

నీ కొరియరు సోమవారం వచ్చింది. నేను ఆదివారం అన్నాను కదా. కంగారుపడకు, పారబొయ్యలేదు.

పొద్దున్నే గిన్నె ఎత్తుకుని తూము దాకా వెళ్ళాను. వంచబోయాను. చేతులు వంగలేదు. మళ్ళీ లోపలికి తెచ్చి పెట్టేస్తుంటే మీ అత్తయ్య చూసి ఏమైందంది. నడుం పట్టేసిందన్నాను. అంతే, రెండు రోజులు మంచం మీద బోర్లా పడుకోబెట్టి వేడినీళ్ళ సంచి పెట్టింది. నడుం కాలి బొబ్బలెక్కింది. ఇప్పుడు నిజంగానే నెప్పిగా ఉంది.

చెడిందే పంపాలని నాకెలా తెలుస్తుంది చెప్పు? ఇంట్లో బాగోనిది బయటికి చూపించకూడదని పెంచారు నన్ను. కానీ నా నామోషీ కోసం పాపం గడియారం మాట పడ్డాడు. అది మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. నిన్న వాళ్ళ కొట్టానికి వెళ్ళాను. పాలు పితుకుతున్నాడు. తలెత్తలేదు. నేను నిలబడే చెప్పాను, తప్పు నాది, మంచి పెరుగు పంపి పరీక్ష చేయించుకుని నీ మీద పడ్డాను అని. బకెట్టు నిండేదాకా పితుకుతూనే ఉన్నాడు. ఆఖరికి "మీ తోడు బాగైతే చెప్పండి, అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఇంకా 'మీరు'లోనే ఉన్నాం.

గుడ్డ ఏమంది?

మామయ్య


మార్చి 9

మామయ్యా,

గుడ్డ అంతా చెప్పేసింది.

దాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి పిండాను. ఆ నీళ్ళని బ్యాక్టీరియా పట్టనంత సన్నటి జల్లెడలో వడకట్టి పళ్ళెం మీద చుక్క వేశాను. మర్నాటికి పళ్ళెం నిండా చిల్లులే, జల్లెడ అయిపోయింది. వైరస్సే మామయ్యా. నీ చేతిది కాదు, గడియారం మామ ఆవుది కాదు. వాళ్ళింటికి వెళ్ళి నా పేరు చెప్పి మళ్ళీ క్షమాపణ అడుగు.

ఇప్పుడు అసలు సంగతి. వడకట్టని నీళ్ళు ఇంకో పళ్ళెంలో పోశాను, నీ బ్యాక్టీరియా, వైరస్ రెండూ కలిసే ఉన్నవి. అన్నీ చచ్చిపోయాయి. నాలుగో రోజు చూస్తే ఒక మూల పదకొండు చుక్కలు పెరిగాయి. తెల్లగా, గుండ్రంగా. అంత దాడిలోనూ బతికి బట్టకట్టినవి. వాటి మీద అదే వైరస్ మళ్ళీ పోశాను, ఇంకా ఎక్కువ పోశాను. చెక్కుచెదరలేదు. నువ్వు తొట్టి అడుగున జావలాంటిది చేరిందని రాశావే, అది ఇవే. నువ్వు పారబోసిన దాంట్లోనే నీ మందు ఉంది.

వాటిని పెంచి సీసాలో పోసి పంపుతున్నాను. ముందు చిన్న గిన్నెలో, తర్వాత పెద్ద గిన్నెలో, ఆ తర్వాతే తొట్టిలో. ఒక తొట్టిలో ఇది, పక్క తొట్టిలో నీ గిన్నెలోని పాతది వేసి చూడు. తేడా నువ్వే చెబుతావు. తేట డ్రమ్ము మాత్రం వెచ్చగదిలోంచి బయటికి పంపించెయ్యి.

పిడుగు


మార్చి 13

అమ్మాయ్,

సీసా అందింది. తెరవలేదు. అరలో పెట్టాను.

నాకు చెవుడు కానీ గుడ్డితనం లేదు. సీసా మీద చీటీ మీ అమ్మ చేతిరాత. 'తోడు' అని, కింద గీత. నాకు అఆలు దిద్దించింది ఆవిడ, ఆ గీత గుర్తుపట్టనా? నన్ను బాధపెట్టకూడదని గుడ్డ కథ అల్లావు. పదకొండు చుక్కలట. నీకు నా మీద ఎంత ప్రేమో తెలుసు, అందుకే కోపం కూడా రావడం లేదు. కానీ అక్క తోడు నా తొట్టిలో పడదు. దానికంటే పొడే నయం, అది ఎవరిదీ కాదు.

అమ్మ తోడు నా చేతిలో పోయిందన్న మాట నిజం. దాన్ని నిజంగానే ఉండనీ.

మామయ్య


మార్చి 17

మామయ్యా,

నువ్వు నా ఎదురుగా ఉంటే ఆ రెండో చెవి కూడా పోయేలా అరిచేదాన్ని.

అమ్మ తోడు పంపిన సీసా ఖాళీ అయితే కడిగి, మరిగించి, నీకు అందులో పోసి పంపాను. చీటీ ఊడదీయడం మర్చిపోయాను. మా ఇంట్లో సీసాలు పారెయ్యరు, ఆ అలవాటు ఎక్కడిదో నీకు తెలుసు. అంతే సంగతి. కథ అల్లడం నాకు చేతకాదు, చేతనైతే ఈ ఉద్యోగం ఎందుకు?

కానీ నువ్వు అలిగావు కాబట్టి, ఇంకా పూర్తికాలేదని దాచిన సంగతి ఒకటి ఇప్పుడే చెప్పేస్తాను. కుదురుగా కూర్చుని చదువు.

వైరస్ దాడిలో బతికిన బ్యాక్టీరియా ఒక పని చేస్తుంది. ఇంట్లో పడ్డ దొంగ చొక్కా ముక్క చింపి దాచుకున్నట్టు, ఆ వైరస్‌లోంచి ఒక చిన్న ముక్క తీసి తన లోపల దాచుకుంటుంది. పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ ఆ ముక్క వెళ్తుంది. మళ్ళీ అదే చొక్కా వాడొస్తే గుమ్మంలోనే పట్టేస్తాయి. కొత్త ముక్క ఎప్పుడూ ముందు చేరుతుంది, పాతవి వెనక్కి జరుగుతాయి. తేదీలుండవు, వరస మాత్రం చెడదు. ఆ వరస మేం చదవగలం.

నీ పదకొండు చుక్కల్లో ఒకదాన్ని చదివించాను. అన్నింటికంటే ముందున్న ముక్క ఈ ఫిబ్రవరి వైరస్‌ది, గుడ్డలో దొరికినదే. దాని వెనకాల ఇంకా చాలా ఉన్నాయి. అమ్మ తోడు కూడా చదివించాను, పోల్చడానికి అన్నది ఇందుకే. ముందు భాగం రెండింటిలోనూ వేరు. ఎవరి ఇంట్లో పడ్డ దొంగలు వాళ్ళవి. చివర ఏడు ముక్కలు మాత్రం అచ్చంగా ఒకటే, అదే వరసలో.

అంటే మీ ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే తోడు. ఇక అసలుదీ తొట్టిదీ అని కొట్టుకోకండి. ఇంకా ముఖ్యమైనది ఇది. ఆ ఏడు ముక్కలూ అమ్మ పెళ్ళై వెళ్ళకముందే చేరాయి. తొట్టి దగ్గర అమ్మమ్మ ఉన్న రోజుల్లో.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కొన్ని అమ్మమ్మకి మొదట తోడు ఇచ్చినవాళ్ళ నాటివి కావచ్చు. ముక్క దొరికిన ప్రతిసారీ తొట్టి మొత్తం పోయిందనీ చెప్పలేను. కానీ ఏడింట్లో కనీసం మూడు వేరు వేరు వైరస్‌లు ఉన్నాయి. ఏ ఒక్కసారీ మూత తీసేసరికి పాలు పాలలాగే ఊగలేదంటే నేను నమ్మలేకపోతున్నాను. ఆ రెండు గరిటెల తేట గురించి కూడా నేను తొందరపడి మాట తూలాను. వైరస్‌ని తెచ్చిందీ అదే, బతికినవాటికి దాన్ని గుర్తుపట్టడం నేర్పిందీ అదే. అమ్మమ్మ తెలిసి చేసిందో తెలియక చేసిందో మరి.

అమ్మని అడిగాను. "మా అమ్మ తొట్టి ఎప్పుడూ తప్పలేదే!" అని నీ పాటే పాడింది. నీకేమైనా గుర్తుందా మామయ్యా?

సీసా తెరువు. ప్లీజ్.

నీ పిడుగు


మార్చి 26

పిడుగూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు వెచ్చగదిలో పీట వేసుకుని నాలుగుసార్లు చదివాను. నీకేమైనా గుర్తుందా అని అడిగావు. లేదు అని రాద్దామని కాగితం తీశాను. అలా కూర్చునే సీసా తెరిచి, నువ్వు చెప్పినట్టు చిన్న గిన్నెలో మొదలుపెట్టాను. మూడో రోజు రెండు తొట్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో నీది, ఒకదాంట్లో నా గిన్నెలోని పాతది వేశాను. ఐదు గంటల తర్వాత మూతలు తీశాను.

నీది తోడుకుంది. కత్తి దింపితే గాటు గాటులాగే నిలిచింది. పాతది ఊగుతోంది.

ఆ ఊగేది గ్లాసులో పోసుకుని మీ అత్తయ్యకి ఇస్తూ, ఊరికే నోటికొచ్చి, "తాగు, ఒంటికి చలవ" అన్నాను.

అన్నానా, గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

చలవ వారాలు, పిడుగూ! ఎంత తాగినా వద్దనని వారాలు. గట్టి పెరుగు గరిటె కొలిచి వేసే మనిషి, పలచటిది మాత్రం గ్లాసులకి గ్లాసులు పోసేది. చలికాలంలో కూడా వచ్చింది ఒక చలవ వారం, నాకు బాగా గుర్తు, నాకు జలుబు. ఆ వారాల్లో అమ్మ మాతో సరిగా మాట్లాడేది కాదు. వెచ్చగదిలోకి రానిచ్చేది కాదు. నేనేదో తప్పు చేశాను, అందుకే ముభావంగా ఉంది అనుకునేవాణ్ణి. ఏం తప్పు చేశానా అని వెతుక్కునేవాణ్ణి. ఆవిడ లోపల కూర్చుని, అడుగున మిగిలిన గరిటెడు జావని బతికించుకుంటోందన్నమాట. ఒక్కత్తీ.

ముందు కోపమొచ్చింది. నాకు ఎందుకు చెప్పలేదు? పదేళ్ళు పక్కనే నిలబెట్టుకుని పని నేర్పింది. వేడి ఎంత, తోడు ఎంత, మూత ఎప్పుడు తియ్యాలి, అన్నీ చెప్పింది. తొట్టి పోయినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. తర్వాత గుర్తొచ్చింది, నేను మాత్రం ఏం చేశాను? మంచి సీసా పంపాను. మీగడ వైపు నుంచి తీసి మరీ. అప్పుడు ఏడుపొచ్చింది. మీ అత్తయ్య కంగారుపడి మళ్ళీ వేడినీళ్ళ సంచి తెచ్చింది.

ఆ సాయంత్రం అక్కకి నేనే ఫోన్ చేశాను. ఎడమ చెవికి పెట్టుకుని. ఇద్దరం కలిసి చలవ వారాలు లెక్కపెట్టాం. అక్క మూడంది, నేను నాలుగన్నాను, కాసేపు దెబ్బలాడుకున్నాం. మాది ఒకటే తోడు అన్నది మాత్రం ఒప్పుకుంది. తనది కాస్త గట్టిగా తోడుకుంటుందని చివర్లో అననే అంది. పోనీలే, పెద్దది.

ఇప్పుడు మూడు తొట్లలోనూ మనదే. పొడి ప్యాకెట్లు వెనక్కి పంపించేశాను. పేషెంట్లలో ఒక పెద్దాయన, పాత పెరుగు మళ్ళీ వచ్చిందే అన్నాడట. తేట డ్రమ్ము పెరట్లోకి వెళ్ళింది. నిన్న గడియారాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తొట్టి చూపించాను. కాసేపు చూసి, వేలితో అంచు మీద తట్టి, "ఇంత చిన్న దానికి నా మీద అరిచావా నువ్వు?" అన్నాడు. పొద్దున ఐదున్నరకి గేటు చప్పుడైంది.

నేను అతికించని ఆ ఉత్తరం కూడా గోడకి అతికించాను. దాని పక్కనే బొగ్గుతో నేను కూడా రాశాను, ఏ రోజు ఏ తొట్టి పోయిందో, అడుగున ఎంత మిగిలిందో, ఏం చేశామో. రేపు ఇక్కడ ఎవరు నిలబడినా మూత తీసి పాలు ఊగడం చూస్తే, గోడ వైపు తిరిగితే చాలు.

ఈ పార్సిల్లో రెండు సీసాలున్నాయి. ఉతికిన గుడ్డలోనే చుట్టాను, మీ రిసెప్షన్ అమ్మాయికి చెప్పు. ఎర్ర మూతది మీ మేడానికి, వేళ్ళు నాక్కోమను. పలచటిది నీకు. దాని మీద చీటీ నా చేతిరాతే, గుర్తుపడతావులే. 'చెడిపోయింది. నా చేతిలోనే' అని రాశాను.

మామయ్య